1974 వేసవి: ఇద్దరు కొత్త మేనేజర్లు, రెండు ఊళ్ళ గుబులు

ఇంగ్లండులో ఫుట్‌బాల్ సీజను ఆగస్టు నడిమిలో మొదలై మే నెలలో ముగుస్తుంది. మిగిలిన జూన్, జూలై నెలలు ఆటగాళ్ళకు విశ్రాంతి. అభిమానికి అదీ లేదు. మైదానంలో గడ్డి పెరుగుతూ ఉంటుంది, పట్టికలో అన్ని జట్ల పేర్ల ఎదుటా సున్నాలే ఉంటాయి. ఆ రెండు నెలలూ ఆశను కాదనగల ఆధారం ఎక్కడా దొరకదు, అనుమానాన్ని తీర్చగల ఆధారమూ దొరకదు. అటువంటి వేళ పాత మేనేజరు వెళ్ళిపోయి కొత్తవాడు వస్తే ఊరంతా అదే చర్చ. ఫ్యాక్టరీ గేటు దగ్గరా, బస్సులోనూ, సాయంత్రం పబ్బులోనూ ప్రతివాడూ ఒక జ్యోతిష్కుడే.

మేనేజరు అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగాలి. మన క్రికెట్ జట్టు వెంట విదేశాలకు వెళ్ళే మేనేజరు ప్రయాణాలూ, బసలూ చూసుకునే పెద్దమనిషి. ఇంగ్లండు ఫుట్‌బాల్‌లో ఆ పదవి పూర్తిగా వేరు. శనివారం ఎవరు ఆడాలి, ఎవరిని కొనాలి, ఎవరిని అమ్మాలి, సోమవారం ఉదయం సాధన ఎట్లా సాగాలి, ఓడిన రోజు పత్రికల వాళ్ళకు ఏం చెప్పాలి, అన్నిటికీ ఆయనే కర్త. ఇప్పుడు ఆ అధికారాన్ని నలుగురైదుగురు పంచుకుంటున్నారు గాని, యాభై ఏళ్ళ క్రితం దాదాపు ఒక్క మనిషి చేతిలోనే ఉండేది. కనుక మేనేజరు మారడమంటే ఒక సంస్థానంలో రాజు మారడం వంటిది. ప్రజలకు ఓటు లేదన్న విషయంలో కూడా ఆ పోలిక సరిపోతుంది.

ఇక 1974 సంగతి. ఆ ఏడు జూలైలో, పది రోజులైనా తేడా లేకుండా, ఇంగ్లండులోని రెండు అతిపెద్ద జట్లు తమ నిర్మాతలను పోగొట్టుకొన్నాయి. లీడ్స్ యునైటెడ్ అప్పుడే లీగు గెలిచిన జట్టు. లివర్‌పూల్ అప్పుడే ఎఫ్.ఏ. కప్పు గెలిచిన జట్టు. రెండూ గెలుపు మీద ఉన్నప్పుడే అనాథలయ్యాయి. ఓడిపోతున్న జట్టుకు కొత్త మేనేజరు వస్తే భయపడేందుకు పెద్దగా ఏమీ ఉండదు, పోయేది ఏముంది గనక? గెలుస్తున్న జట్టు అభిమాని గుబులే అసలైన గుబులు.

లీడ్స్ కథ ముందు చెబుతాను, అదే పెద్దది.

లీడ్స్ యార్క్‌షైర్‌లో ఉన్ని బట్టల మీదా, కుట్టుపని మీదా బతికిన ఊరు. ఆ చుట్టుపక్కల రగ్బీ లీగుకు ఉన్న వంశగౌరవం ఫుట్‌బాల్‌కు లేదు. లీడ్స్ సిటీ అనే పాత జట్టును ఆర్థిక అవకతవకల ఆరోపణల మీద 1919లో రద్దు చేస్తే, దాని స్థానంలో లీడ్స్ యునైటెడ్ పుట్టింది. తర్వాత నలభై ఏళ్ళపాటు ఆ జట్టు గెలుచుకొన్న చెప్పుకోదగ్గ కప్పు ఒక్కటీ లేదు. 1961 మార్చిలో డాన్ రెవీ అనే ఆటగాడినే మేనేజరుగా చేశారు. అప్పటికి జట్టు రెండవ డివిజనులో ఉంది, మరుసటి ఏడు మూడవ డివిజనులోకి జారిపోవడం తృటిలో తప్పింది. రెవీ నీలం, పసుపు దుస్తులు తీసివేయించి ఆపాదమస్తకం తెలుపు తొడిగించాడు. రియల్ మాడ్రిడ్ వాళ్ళు వేసుకొనే తెలుపు అది. రెండవ డివిజను అట్టడుగున ఉన్నవాడు యూరపు చక్రవర్తుల బట్టలు కట్టుకోవడం చూసి అప్పట్లో నవ్వినవాళ్ళు తప్పకుండా ఉండి ఉంటారు.

1964లో మొదటి డివిజనుకు వచ్చారు. ఆ తర్వాత పదేళ్ళలో రెండుసార్లు లీగు, ఒకసారి ఎఫ్.ఏ. కప్పు, ఒకసారి లీగు కప్పు, రెండుసార్లు యూరపు ఫెయిర్స్ కప్పు గెలిచారు. కాని ఈ జాబితా కన్నా లీడ్స్ వాళ్ళ మనసులో లోతుగా దిగినది ఇంకొక జాబితా. ఐదుసార్లు లీగులో రెండవ స్థానం. 1973లో రెండవ డివిజను జట్టు సండర్లాండ్ చేతిలో కప్పు ఫైనలు ఓటమి. రెవీ విపరీతమైన శకునాల మనిషి, ఒకే నీలం సూటు అదృష్టమని నమ్మి అరిగిపోయేదాకా తొడిగాడు. ప్రత్యర్థుల మీద పేజీల కొద్దీ నివేదికలు రాయించి ఆటగాళ్ళకు చదివించేవాడు. హోటళ్ళలో వాళ్ళ చేత బింగో, తివాచీ మీద బంతులాట ఆడించేవాడు. బ్రెమ్నర్, లారిమర్, ఎడీ గ్రే వంటివాళ్ళు కుర్రతనంలో స్కాట్లండు నుంచి వచ్చి ఆయన నీడనే పెద్దవాళ్ళయ్యారు. జట్టన్నా కుటుంబమన్నా ఒకటే అక్కడ.

బయటి ప్రపంచానికి ఆ కుటుంబం ఇంకొక విధంగా కనిపించేది. లీడ్స్ ఆట మోటు అన్నారు, రిఫరీని చుట్టుముట్టి బెదిరిస్తారన్నారు, గెలుస్తున్నప్పుడు కాలయాపన చేస్తారన్నారు. ఆ మాటల్లో నిజం లేకపోలేదు. కాని ఏ ఊరి జట్టునైనా దేశమంతా కలిసి తిడితే ఆ ఊరివాడు ఏం చేస్తాడు? దగ్గరికి జరుగుతాడు. లీడ్స్ అభిమానమంటే గెలుపు సంబరం ఎంతో, ముట్టడిలో ఉన్న కోటలోని ఐకమత్యం కూడా అంతే. 1973-74 సీజనులో మొదటి 29 లీగు మ్యాచ్‌లలో ఓటమి లేకుండా ఆడి, మొత్తం మీద నాలుగే ఓడి, ఛాంపియనులైనప్పుడు వాళ్ళకు కలిగిన తృప్తిలో ఒక వంతు ఈ ముట్టడి తొలగిందన్న ఊరట. ఆ ఏడు ఆట అందంగా ఉందని శత్రువులు సైతం ఒప్పుకొన్నారు.

జూలై మొదటి వారంలో రెవీ ఇంగ్లండు జాతీయ జట్టు మేనేజరుగా వెళ్ళిపోయాడు. వెళ్తూ తన తర్వాత జానీ జైల్స్‌ను నియమించమని సలహా ఇచ్చాడు. జైల్స్ జట్టులోనే ఆడుతున్న ఐరిష్ ఆటగాడు. ఇంటిమనిషి. అధ్యక్షుడు మానీ కసిన్స్, అతని పాలకవర్గం ఆ సలహాను పక్కన పెట్టి బ్రయన్ క్లఫ్‌ను తెచ్చారు.

క్లఫ్ ఎవరో తెలియకపోతే ఈ నియామకంలోని విడ్డూరం అర్థం కాదు. మిడిల్స్‌బరోలో పుట్టిన ఈయన గోళ్ళు కొట్టడంలో అసాధ్యుడు, 274 లీగు మ్యాచ్‌లలో 251 గోళ్ళు. 1962 క్రిస్మస్ మరునాడు మోకాలు దెబ్బతిని ఆట ఆగిపోయింది. ముప్ఫై ఏళ్ళకే మేనేజరయ్యాడు. రెండవ డివిజనులో కునారిల్లుతున్న డార్బీ కౌంటీని ఐదేళ్ళలో ఇంగ్లండు ఛాంపియనును చేశాడు. ఆ గెలుపు 1972లో. అది ఎట్లా వచ్చిందో లీడ్స్ వాళ్ళను అడగాలి. శనివారం కప్పు ఫైనలు గెలిచిన లీడ్స్ చేత సోమవారమే లీగు చివరి మ్యాచ్ ఆడించారు. డ్రా చేసుకొంటే చాలు, రెండూ వాళ్ళవే. వుల్వర్‌హాంప్టన్‌లో 2-1తో ఓడారు. ఆ క్షణాన ఛాంపియనులైన డార్బీ ఆటగాళ్ళు మజోర్కా ద్వీపంలో సెలవుల్లో ఉన్నారు. క్లఫ్ కుటుంబంతో మరెక్కడో సముద్రతీరాన ఉన్నాడు.

అది ఆటలో జరిగే అన్యాయం, మరచిపోవచ్చు. మరవలేనివి క్లఫ్ మాటలు. టెలివిజనులోనూ, పత్రికలోనూ ఏళ్ళ తరబడి లీడ్స్‌ను దుమ్మెత్తిపోశాడు. వాళ్ళ క్రమశిక్షణా రాహిత్యానికి శిక్షగా జట్టును రెండవ డివిజనులోకి దింపివేయాలని 1973 ఆగస్టులో అచ్చులో రాశాడు. సరిగ్గా ఏడాది తిరక్కుండా అదే జట్టుకు యజమాని అయి వచ్చాడు. దేశమంతటి తిట్లలో అందరికన్నా గట్టిగా వినిపించిన గొంతు ఇప్పుడు కోట లోపలి నుంచి వినిపించబోతోంది.

ఇప్పుడు ఆ జూలై చివరి వారంలో ఎలండ్ రోడ్ మైదానానికి ఏటా టిక్కెట్టు కొనే ఒక సామాన్య అభిమాని తరఫున ఆలోచించి చూద్దాం. ఆశపడడానికి ఆయన దగ్గర గట్టి కారణాలే ఉన్నాయి. వచ్చినవాడు గెలవడం తెలిసినవాడు. వయసు 39. డార్బీని యూరపు కప్పు సెమీఫైనలు దాకా తీసుకువెళ్ళాడు. లీడ్స్‌కు ఇంకా చిక్కని కప్పు అది. పైగా జట్టుకు వయసు మీదపడుతోంది, జైల్స్‌కు 33, కెప్టెన్ బ్రెమ్నర్‌కు 31, నార్మన్ హంటర్‌కు 30. వీళ్ళలో ఒకరిని మేనేజరు చేస్తే తోటివాణ్ణి తీసివేసే ధైర్యం చేయగలడా? కొత్త రక్తం కావాలంటే బయటివాడే రావాలి. ఈ తర్కంలో దోషం నాకైతే కనబడదు.

అనుమానాలకూ కొరత లేదు. 1973 అక్టోబరులో డార్బీ పాలకవర్గంతో తగవులాడి రాజీనామా చేసిన తర్వాత క్లఫ్ మూడవ డివిజనులోని బ్రైటన్‌కు వెళ్ళాడు. అక్కడ ఆయన జట్టు ఔత్సాహికులైన వాల్టన్ అండ్ హెర్షమ్ చేతిలో సొంతగడ్డ మీద 4-0తో ఓడింది. అదే వారం బ్రిస్టల్ రోవర్స్‌తో 8-2తో ఓడింది. అంటే మంత్రదండం అన్నిచోట్లా పనిచేయదన్నమాట. ఇంకొకటి, ఆటగాళ్ళను ఎంచడంలో ఆయనకు కుడిభుజమైన పీటర్ టేలర్ ఈసారి వెంట రాలేదు, బ్రైటన్‌లోనే ఉండిపోయాడు. టేలర్ లేని క్లఫ్ ఎట్లా ఉంటాడో అప్పటికి ఎవరికీ తెలియదు.

ఇవన్నీ లెక్కల అనుమానాలు. వాటి కింద ఇంకొకటి ఉందని నా ఊహ, దాన్ని ఏ పట్టికా చూపించదు. క్లఫ్ చెప్పిందే నిజమైతే, పదమూడేళ్ళుగా తాము వానలో తడుస్తూ నిలబడి కేకలు వేసినదంతా ఒక మోసానికా? ఆయన గెలిస్తే ఆయన మాటే నెగ్గినట్టు. ఆయన ఓడితే ఓడేది తమ జట్టు. అభిమానికి ఇంతటి ఇరకాటం అరుదుగా వస్తుంది. సాధారణంగా కొత్త మేనేజరును నమ్మడమంటే భవిష్యత్తు మీద పందెం కాయడం మాత్రమే. లీడ్స్‌లో అందుకోసం తమ గతాన్ని తాకట్టు పెట్టమన్నారు.

నూట ఇరవై కిలోమీటర్ల లోపు దూరంలో, పెనైన్ కొండలకు అవతల, లివర్‌పూల్‌లో గుబులు ఇంకొక రకం. జూలై 12న, ఆర్సెనల్ నుంచి రే కెనడీ అనే ఆటగాణ్ణి కొన్నామని ప్రకటించిన రోజే, బిల్ షాంక్లీ పదవి నుంచి తప్పుకొంటున్నాడన్న వార్త వచ్చింది. 1959 డిసెంబరులో రెండవ డివిజను జట్టుగా చేతికి వచ్చిన లివర్‌పూల్‌ను మూడుసార్లు లీగు, రెండుసార్లు ఎఫ్.ఏ. కప్పు, ఒకసారి యూఎఫా కప్పు గెలిపించిన స్కాట్లండు గనుల పల్లె బిడ్డ అతడు. ఒక టెలివిజను విలేఖరి వీధిలో నిలబడి దారిన పోయేవాళ్ళకు ఈ వార్త చెబితే, వాళ్ళు నమ్మలేదు. హాస్యమాడుతున్నాడనుకొన్నారు. కుర్రవాళ్ళ ముఖాల్లో నెత్తురుచుక్క లేదు. ఆ చిత్రం ఇప్పటికీ దొరుకుతుంది, చూడని మిత్రులు చూడండి. క్లబ్బుకు ఊపిరి సలపనన్ని ఫోన్లు వచ్చాయి. షాంక్లీని వెనక్కి రప్పించకపోతే సమ్మె చేస్తామని ఫ్యాక్టరీ కార్మికులు బెదిరించారని కూడా చెబుతారు.

ఆ సింహాసనం మీద కూర్చున్నది బాబ్ పెయిస్లీ. 55 ఏళ్ళు. డర్హం గనుల సీమలో పుట్టి, 1939లో ఆటగాడిగా లివర్‌పూల్‌కు వచ్చి, ఆట మానిన తర్వాత అక్కడే ఉండిపోయి, ఆటగాళ్ళ కండరాలకు మర్దన చేసే పని నుంచి షాంక్లీకి సహాయకుడయ్యే దాకా ఎదిగిన మనిషి. 1950లో సెమీఫైనలులో గోలు కొట్టి కూడా ఫైనలుకు జట్టులో చోటు దక్కని వాడు. ఒక ఆటగాడు నడుస్తుంటే చూసి ఏ కండరం పట్టిందో చెప్పగలడని పేరు. నలుగురిలో మాట్లాడడం మాత్రం చేతకాదు. సగం వాక్యాలు మింగేస్తాడు, పేర్లు గుర్తురాక తడుముకొంటాడు. షాంక్లీ నోరు విప్పితే గుంపులు ఊగిపోయేవి. ఆయన పక్కన చెప్పులు మోసినట్టున్న ఈ మనిషి (లివర్‌పూల్‌లో ఆ శిక్షకులు కూర్చొని టీ తాగే గది నిజంగానే బూట్లు పెట్టుకొనే గది) ఏం నడిపిస్తాడని ఎవరైనా అనుకొంటే తప్పుపట్టలేము. పెయిస్లీ స్వయంగా అదే అనుకొన్నాడు. షాంక్లీని ఉండిపొమ్మని బతిమాలాడు. ఈ పని తాను కోరుకోలేదని మొదటిరోజు ఆటగాళ్ళతోనే అన్నాడట.

అదే రోజుల్లో లీడ్స్‌లో క్లఫ్ తన మొదటి సమావేశంలో ఏమన్నాడో ఆ గదిలో ఉన్న ఆటగాళ్ళు తర్వాత అనేకసార్లు చెప్పారు. మీ పతకాలన్నీ చెత్తబుట్టలో పారేయండి, వాటిని మీరు న్యాయంగా గెలవలేదు, అన్న అర్థం వచ్చేలా మాట్లాడాడు. దెబ్బలతో సతమతమవుతున్న ఎడీ గ్రేను, నువ్వు పందెపు గుర్రానివైతే ఎప్పుడో కాల్చి చంపేసేవాళ్ళు, అన్న ధోరణిలో ఎత్తిపొడిచాడు. ఒకే ఆటలో, ఒకే వారంలో ఇట్లాంటి రెండు పట్టాభిషేకాలు!

ఈ రెండు గుబుళ్ళూ ఆగస్టు 10న వెంబ్లీలో ఎదురుబొదురయ్యాయి. లీగు విజేతకూ, కప్పు విజేతకూ సీజనుకు ముందు జరిగే లాంఛనపు పోటీ అది, ఛారిటీ షీల్డ్ అంటారు. ఆ ఏడాదే దాన్ని తొలిసారి వెంబ్లీకి తెచ్చారు. లివర్‌పూల్‌ను నడిపించుకొంటూ చివరిసారిగా షాంక్లీ వచ్చాడు. లీడ్స్‌ను రెవీయే నడిపించాలని క్లఫ్ అడిగాడు, రెవీ ఒప్పుకోలేదు. కాబట్టి ఒకవైపు వెళ్ళిపోయిన మేనేజరూ, ఇంకొకవైపు ఇంకా సరిగా రాని మేనేజరూ పక్కపక్కనే నడిచారు. వెనుక నడుస్తున్న తెల్లచొక్కాల పదకొండు మంది ముఖాల్లో ఏముందో చూసిన లీడ్స్ అభిమానికి ఆ రోజే సగం అర్థమై ఉంటుంది.

ఆట 1-1తో ముగిసింది. అది ఎవరికీ గుర్తులేదు. గుర్తున్నది రెండవ సగంలో లివర్‌పూల్ కీగన్, లీడ్స్ కెప్టెన్ బ్రెమ్నర్ కొట్టుకొని, రిఫరీ ఇద్దరినీ బయటికి పంపితే, చొక్కాలు విప్పి నేలకేసి కొట్టి పోవడం. ఇద్దరికీ దీర్ఘమైన నిషేధం, 500 పౌన్ల చొప్పున జరిమానా. పెనాల్టీల్లో లీడ్స్ తరఫున గోల్‌కీపరు హార్వీ తన్ని గురి తప్పాడు. 6-5తో లివర్‌పూల్ గెలిచింది. లీడ్స్‌ను మర్యాద నేర్చిన జట్టుగా మారుస్తానని వచ్చినవాడి తొలి మ్యాచ్ ఇది.

తర్వాతి కథ త్వరగా చెప్పవచ్చు, త్వరగానే జరిగింది గనుక. స్టోక్‌లో 3-0 ఓటమి. సొంత మైదానంలో క్వీన్స్ పార్క్ రేంజర్స్‌తో ఓటమి. బర్మింగ్‌హాం మీద ఒక్క గెలుపు. ఆరు లీగు మ్యాచ్‌లలో నాలుగు పాయింట్లు (అప్పట్లో గెలుపుకు రెండే). 22 జట్లలో 19వ స్థానం. ఆటగాళ్ళ అసంతృప్తి పాలకవర్గానికి చేరింది. సెప్టెంబరు 12న, 44 రోజులకు, క్లఫ్‌ను తీసివేశారు.

ఆ 44 రోజుల్లో అభిమానుల పాత్ర గురించి సాధారణంగా తక్కువ మాట్లాడతారు. క్లఫ్ తన వెంట ముగ్గురిని తెచ్చాడు. నాటింగ్‌హాం ఫారెస్ట్ నుంచి సుమారు రెండున్నర లక్షల పౌన్లకు డంకన్ మెకెంజీ, డార్బీ నుంచి జాన్ మెక్‌గవర్న్, జాన్ ఓహేర్. వీరిలో మెక్‌గవర్న్ మధ్యలో ఆడే నిరాడంబరుడు, పరుగు కొంచెం వంకరగా ఉంటుంది, చూపరులను ఆకట్టుకోడు. బ్రెమ్నర్ లేని చోట అతడు ఆడవలసి వచ్చింది. ఎలండ్ రోడ్ గుంపు అతణ్ణి సొంత మైదానంలోనే ఎగతాళి చేసి అరిచింది. మేనేజరు పొడవైన నీడ అతడి మీద పడింది. క్లఫ్‌ను నేరుగా అనలేనిదంతా అతణ్ణి అన్నారు. అభిమానులు అమాయకులనీ, పాలకులే దుష్టులనీ రాసే చరిత్రల్లో ఇటువంటి మధ్యాహ్నాలు కనిపించవు. నాకు మాత్రం ఆ 44 రోజుల్లో అన్నిటికన్నా బాధ కలిగించేది అదే.

తీసివేసిన నాటి సాయంత్రమే యార్క్‌షైర్ టెలివిజను వారు క్లఫ్‌నూ, రెవీనీ ఒకే గదిలో పక్కపక్కన కూర్చోబెట్టి మాట్లాడించారు. ఈనాటి మేనేజర్లు ఎవరూ దానికి ఒప్పుకోరు. లీగును రెవీ గెలిచినదాని కన్నా మెరుగ్గా గెలవాలనుకొన్నానని క్లఫ్ చెప్పాడు. మేము ఓడినవే నాలుగు, అంతకన్నా మెరుగ్గా ఎట్లా గెలుస్తావని రెవీ అడిగాడు. ఇద్దరూ మెరుగు అన్న మాటను వేర్వేరు అర్థాల్లో వాడుతున్నారు. ఒకరిది అంకెల మెరుగు, ఇంకొకరిది మర్యాద మెరుగు. లీడ్స్ ఇళ్ళల్లో కూర్చొని చూస్తున్నవాళ్ళకు ఎవరి పక్షం వహించాలో తేల్చుకోవడం కష్టమేమీ అయి ఉండదు.

మరి లివర్‌పూల్? అక్కడి అభిమానులను ఎవరూ ఏమీ వదులుకోమనలేదు. ఇల్లు అదే, మనుషులు వాళ్ళే, టీ తాగే గది కూడా అదే. చిక్కల్లా షాంక్లీతోనే వచ్చింది. పదవి వదిలినా అలవాటు వదలక మెల్‌వుడ్ సాధనా మైదానానికి రోజూ వచ్చేవాడు. ఆటగాళ్ళు పెయిస్లీ ఎదుటే ఆయన్ను బాస్ అని పిలిచేవారు. చివరకు ఇక రావద్దని చెప్పవలసి వచ్చింది. ఆ గాయం షాంక్లీకి పూర్తిగా మానలేదు. పెయిస్లీ మొదటి సీజనులో సెప్టెంబరులోనే నార్వే జట్టు స్ట్రమ్స్‌గాడ్సెట్ మీద 11-0తో క్లబ్బు చరిత్రలోనే అతిపెద్ద గెలుపు వచ్చింది. అయినా ఆ ఏడాది చివర చేతికి ఒక్క కప్పూ రాలేదు. లీగులో రెండవ స్థానం. 1975 మే నెలలో ఎవరినైనా అడిగి ఉంటే, అనుమానించినవాళ్ళదే పైచేయి అని ఉండేవారు. ఆ తర్వాత ఎనిమిది సీజన్లలో ఆరుసార్లు లీగు, మూడుసార్లు యూరపు కప్పు వచ్చాయి.

ఆ 1974-75లో మొదటి స్థానం ఎవరిదో తెలుసా? డార్బీది. క్లఫ్ వదిలి వచ్చిన డార్బీది. 1973 అక్టోబరులో క్లఫ్‌ను తిరిగి తీసుకురావాలని డార్బీ అభిమానులు ఒక ఉద్యమమే నడిపారు, సభలు పెట్టారు, ఆటగాళ్ళు సమ్మె మాట కూడా ఎత్తారు. ఆ రగులుతున్న ఊళ్ళోకి డేవ్ మకే మేనేజరుగా వచ్చి నిలబడ్డాడు. ఒకప్పుడు క్లఫ్ తెచ్చిన ఆటగాడే ఆయన. ఏడాదిన్నరలో లీగు గెలిచాడు. అంటే ఆ సీజనులో నిలిచి గెలిచినవాడు, ముందుగా అభిమానులు వద్దన్నవాడు.

ఈ కథను ఇప్పటి పాఠకులు ఎక్కువగా డేవిడ్ పీస్ 2006లో రాసిన నవల ద్వారానో, దాని మీద 2009లో వచ్చిన సినిమా ద్వారానో ఎరుగుదురు. నవల బలమైనదే. కాని అందులో ప్రపంచమంతా క్లఫ్ తలలోనే జరుగుతుంది. జానీ జైల్స్ తనను చిత్రించిన తీరు మీద న్యాయపోరాటం చేస్తే ప్రచురణకర్తలు కొన్ని భాగాలు మార్చవలసి వచ్చింది. ఆటగాళ్ళకు ఆ మాత్రం దారి ఉంది. మైదానపు మెట్ల మీద నిలబడ్డ వేలమంది తరఫున ఎవరు దావా వేస్తారు? కథ చెప్పేవాళ్ళకు వాళ్ళు వెనుక మోగే హోరు మాత్రమే.

వాళ్ళ ఆశ ఒక్కసారి దాదాపు నెరవేరింది. క్లఫ్ తర్వాత వచ్చిన జిమ్మీ ఆర్మ్‌ఫీల్డ్ నెమ్మదస్థుడు, పైపు కాల్చుకొంటూ ఆలోచించే మనిషి. లీగులో జట్టు తొమ్మిదవ స్థానానికే పరిమితమైనా, యూరపు కప్పులో క్రైఫ్ ఆడుతున్న బార్సిలోనాను ఓడించి 1975 మే 28న పారిస్ ఫైనలు చేరింది. ఎదుట బయెర్న్ మ్యూనిక్. క్లార్క్‌ను బెకెన్‌బావర్ పడగొట్టినా పెనాల్టీ ఇవ్వలేదు. లారిమర్ కొట్టిన గోలును రద్దు చేశారు. బయెర్న్ 2-0తో గెలిచింది. కోపం పట్టలేని లీడ్స్ అభిమానులు కుర్చీలు విరిచి మైదానంలోకి విసిరారు. ఆ అల్లరికి జట్టును యూరపు పోటీల నుంచి నాలుగేళ్ళు వెలివేశారు, అప్పీలు మీద రెండేళ్ళకు తగ్గించారు. ఆ రాత్రి దొంగిలించబడిన కప్పు తమదేనని లీడ్స్ వాళ్ళు నేటికీ పాడుతూనే ఉంటారు. ముట్టడి మళ్ళీ మొదలైంది, ఈసారి కోటలోవాళ్ళే తలుపులు వేసుకొన్నారు. 1982లో జట్టు రెండవ డివిజనుకు జారిపోయింది. తర్వాతి లీగు కోసం 1992 దాకా ఆగవలసి వచ్చింది.

క్లఫ్ 1975 జనవరిలో నాటింగ్‌హాం ఫారెస్ట్‌కు వెళ్ళాడు. రెండవ డివిజనులో ఉన్న ఆ జట్టుకు మొదట మెక్‌గవర్న్‌నూ, ఓహేర్‌నూ లీడ్స్ నుంచి పిలిపించుకొన్నాడు. టేలర్ మళ్ళీ వచ్చి కలిశాడు. 1978లో ఇంగ్లండు ఛాంపియనులు, 1979లోనూ 1980లోనూ యూరపు విజేతలు. 1980లో మాడ్రిడ్‌లో జరిగిన ఫైనలులో ఓహేర్ ప్రత్యామ్నాయ ఆటగాడిగా దిగాడు. ఫారెస్ట్ రక్షణపంక్తిలో ఆడినవాడు ఫ్రాంక్ గ్రే, ఎడీ గ్రే తమ్ముడు, ఐదేళ్ళ క్రితం పారిస్‌లో లీడ్స్ తరఫున ఓడినవాడు. రెండేళ్ళూ కప్పు అందుకొన్న కెప్టెన్ జాన్ మెక్‌గవర్న్.